రిపోర్ట్ రాకపోతే వెళ్లి చూడాలి: మాజీ సైనికుల గ్రూపులో ఒక కేసు

ఆత్మహత్య ప్రమాదం ఉన్న మాజీ సైనికుల కోసం నేను క్లినికల్ సైకాలజిస్టుగా నడుపుతున్న గ్రూపులో ఒక మాజీ హవల్దార్ కేసు ఇది. ఆయన, ఆయన భార్య ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఊరు, రెజిమెంటు, వయసు, కుటుంబ వివరాలు మార్చాను, కొన్ని సంఘటనలు ముందూవెనకా చేశాను. గ్రూపులో మిగతావాళ్ల విషయంలోనూ అంతే. ఎవరు ఏ పద్ధతిలో ప్రాణం తీసుకోబోయారన్నది కావాలనే వదిలేశాను. ఎందుకో కింద తెలుస్తుంది.

నేపథ్యం

గోదావరి డెల్టాలో మిలటరీకి వెళ్లడం కొత్త సంగతేం కాదు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం నుంచి మొదటి ప్రపంచ యుద్ధం నాడే కుర్రాళ్లు వెళ్లారు. ఆ ఊరి పేరే మిలటరీ మాధవరం అయిపోయింది. అంత పేరు లేకపోయినా కోనసీమ లంకల్లో, భీమవరం, నరసాపురం వైపు పల్లెల్లో వెతికితే ఊరికి కొందరైనా ఎక్స్ సర్వీస్‌మెన్ ఉంటారు.

మాజీ సైనికుడంటే చాలామందికి మీసాలు నెరిసిన పెద్దాయన గుర్తొస్తాడు. నా దగ్గరికి వచ్చేవాళ్లు అలా ఉండరు. అగ్నిపథ్‌కు ముందు సిపాయిగా చేరినవాడు పదిహేను, పదిహేడేళ్ల సర్వీసు పూర్తిచేసి నలభైకి అటూఇటూగా ఇంటికొచ్చేస్తాడు. అప్పటికి పిల్లలు ఇంకా హైస్కూల్లో ఉంటారు. అన్నదమ్ములు పొలాలు పంచేసుకుని ఉంటారు. ఇంట్లో పనులన్నీ భార్య ఒక్కత్తే చక్కబెట్టడం ఎప్పుడో అలవాటు చేసుకుని ఉంటుంది. సెలవుల్లో వచ్చినప్పుడు నెత్తిన పెట్టుకున్న మనిషే, శాశ్వతంగా వచ్చేసరికి ఎక్కడ కూర్చోవాలో తెలియని మనిషవుతాడు. పెన్షన్ వస్తుంది, వైద్యానికి ఈసీహెచ్‌ఎస్ కార్డుంటుంది, క్యాంటీన్ సరుకులొస్తాయి. పొద్దున్న లేవగానే చేయాల్సిన పనంటూ మాత్రం ఉండదు.

సమస్య

ఈ హవల్దార్ రిటైరై వచ్చిన డబ్బుతో రొయ్యల చెరువు లీజుకు తీసుకున్నాడు. మొదటి పంట బాగానే వచ్చింది. రెండోసారి తెల్లమచ్చ వైరస్ తగిలి చెరువంతా పోయింది. అప్పు తెచ్చి మళ్లీ వేశాడు, అదీ పోయింది. ఆ తర్వాత సొంత తుపాకీ లైసెన్సు మీద ఒక ఆఫీసులో రాత్రి గన్‌మన్‌గా కుదిరాడు. నడుంనొప్పి సర్వీసు నాటిదే. రాత్రంతా డ్యూటీ, పగలు నిద్రపట్టదు, పట్టడానికి రమ్ము. ఈ పరిస్థితిలోనే ఒకసారి ప్రాణం తీసుకోబోయాడు. బతికాడు. ఇంట్లోవాళ్లు ఆసుపత్రిలో పొరపాటున జరిగిందని చెప్పారు.

అలా చెప్పించింది పోలీసు కేసు భయం. ఈ భయం మా వైపు ఇప్పటికీ గట్టిగానే ఉంది కాబట్టి ఇక్కడ ఒక మాట. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, అలాంటి ప్రయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309 కూడా 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత రావడంతో పోయింది. ప్రభుత్వోద్యోగిని బెదిరించి పని చేయించుకోవడానికో, అడ్డుకోవడానికో చేసే ప్రయత్నమే ఇప్పుడు నేరం. నిజం చెప్పినందుకు జైలు ఉండదు. దాచినందుకు మాత్రం వైద్యం ఆలస్యమవుతుంది, ఈయన విషయంలో అదే జరిగింది.

నా దగ్గరికి భార్య తీసుకొచ్చింది. ఆవిడ చెప్పింది ఒక్కటే: ‘‘మిలటరీ నుంచి వచ్చినకాడ్నుంచీ మనిషి ఉన్నాడు గానీ మాట లేదండి.’’ ఆయన్ని ఏదడిగినా కుర్చీలో నిటారుగా కూర్చుని ‘‘ఆల్ ఓకే సార్’’ అనేవాడు. డిప్రెషన్ కొలిచే పీహెచ్‌క్యూ-9లో తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. దానికి సున్నా టిక్కు పెట్టాడు. మిగతా ఎనిమిదింట్లో చాలావాటికి మూళ్లే, అంటే దాదాపు ప్రతిరోజూ ఉందని. ఇలాంటి కాగితాన్ని నేను నమ్మను. మిగతావన్నీ ఒప్పుకుని ఆ ఒక్కటే కాదన్నాడంటే, ఆ ఒక్క ప్రశ్ననే జాగ్రత్తగా చదివాడని అర్థం.

సైకియాట్రిస్టు మందులు మొదలుపెట్టారు. విడిగా కౌన్సెలింగ్ కొన్నాళ్లు నడిచింది. నిద్ర కాస్త కుదిరింది, మాట మాత్రం రాలేదు. అప్పుడే గ్రూపు గురించి ఆలోచించాను. సాయం తీసుకునే చోట నోరు విప్పని మనిషి, తనలాంటివాళ్ల మధ్య కూర్చుంటే విప్పవచ్చన్నది ఒక కారణం. రెండోది, న్యూయార్క్‌లోని బ్రాంక్స్ వెటరన్స్ ఆసుపత్రిలో ‘ప్రాజెక్ట్ లైఫ్ ఫోర్స్’ పేరుతో తయారుచేసిన పద్ధతి. స్టాన్లీ, బ్రౌన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు రూపొందించిన సేఫ్టీ ప్లాన్‌ని వాళ్లు గ్రూపులో నేర్పించి, గ్రూపులోనే సాధన చేయిస్తారు. ప్లాన్ అంటే ఆరు మెట్ల కాగితం. ప్రమాదం దగ్గరపడుతోందని నాకెలా తెలుస్తుంది, నా అంతట నేను ఏం చేసుకోగలను, ధ్యాస మళ్లడానికి ఎక్కడికి, ఎవరి దగ్గరికి వెళ్తాను, సాయం ఎవర్ని అడుగుతాను, ఏ డాక్టరు, ఏ నంబరు, ఇంట్లో ప్రమాదకరమైనవి ఎలా దూరం పెడతాను. అంతే. నాలుగో మెట్టు దగ్గర ‘సాయం ఎవర్ని అడుగుతాను’ అని ఉంది చూశారా, మా కథంతా అక్కడే చిక్కుకుంది.

మొదట చేసినవి, కుదరనివి

ఎనిమిది మందిని తీసుకున్నాం. అందరూ ఏడాదిలోపు ప్రయత్నమో, గట్టి ఆలోచనో ఉన్నవాళ్లే. ఆ వారంలోనే ప్రమాదం ముంచుకొచ్చిన మనిషిని, తాగి వచ్చేవాణ్ని, సైకోసిస్ (లేనివి కనబడి, వినబడి వాస్తవంతో సంబంధం తెగే జబ్బు) ఉన్నవాణ్ని గ్రూపులో కూర్చోబెట్టలేదు. వాళ్లకు ముందు విడిగా వైద్యం జరగాలి. నాతోపాటు నడిపింది ఆర్మీలో నర్సింగ్ అసిస్టెంటుగా చేసి రిటైరైన ఒకాయన. ఆయన లేకపోతే మొదటి నెలకే సగం మంది మానేసేవారు.

ఆసుపత్రిలో పెట్టిన మీటింగుకు సగం మందే వచ్చారు. మానసిక వైద్యం బోర్డు కింద నిలబడితే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. సంఘం హాలుకు మార్చాం. అది రోడ్డు మీదుంది. బైట లారీ టైరు పేలితే ముగ్గురు లేచి గుమ్మం వైపు తిరిగారు. కళ్లు మూసుకుని శ్వాస మీద ధ్యాస పెట్టండని చెప్పే పద్ధతి ఆ రోజుతో ఆపేశాను. తలుపుకు వీపు పెట్టి, కళ్లు మూసుకోమంటే విశ్రాంతి రాదు, టెన్షన్ పెరుగుతుంది. కుర్చీలన్నీ గుమ్మం కనిపించేలా వేశాం. కళ్లు తెరిచే, నేల మీద పాదాల ఒత్తిడి గమనించమన్నాం. ఇది నప్పింది.

సర్వీసులో జరిగిన కష్టమైన సంఘటనలు చెప్పుకోమనడం మాత్రం అసలు నప్పలేదు. ఇద్దరు ముగ్గురు గంటసేపు సరిహద్దు కథలు చెప్పారు. మిగతావాళ్లు తల దించుకుని విన్నారు. వాళ్లలో ఒకరు కుక్, ఒకరు క్లర్కు. ‘‘మేం ఫీల్డే చూడలేదండి, మాకేం బాధుంటుంది’’ అని బైటికొచ్చాక కుక్ నాతో అన్నాడు. చనిపోవాలనుకోవడానికి కూడా అర్హత కావాలన్నట్టుంది ఆ మాట. నిజానికి ఆ ఎనిమిది మందిలో ఎక్కువమందిని ఆ అంచుకు తోసింది యుద్ధం కాదు. అప్పు, నొప్పి, మందు, ఇంట్లో చోటు లేకపోవడం. మాజీ సైనికుడనగానే యుద్ధగాయం కోసమే వెతికితే రొయ్యల చెరువు కనబడదు. ఆ కథల్ని గ్రూపులోంచి తీసేసి, కావాల్సినవాళ్లకు విడిగా చూశాం.

తర్వాతి చిక్కు ర్యాంకు. ఒక సుబేదార్ గారు ఉండేవారు. ఆయన నోరు విప్పితే మిగతావాళ్లు ‘‘అవును సాబ్’’ అనేవారు. మీటింగు దర్బారైపోయింది. ఆయన్ని వేరే గ్రూపుకు పంపమని నర్సింగ్ అసిస్టెంటు గారు సలహా ఇచ్చారు. నేను వద్దన్నాను. ప్రమాదం ఆయనకూ ఉంది. పైగా, పెద్దవాడి ముందు బలహీనత చెప్పుకోలేమన్న నమ్మకం మిగతావాళ్లలో అలాగే ఉండిపోతుంది. బదులుగా, సేఫ్టీ ప్లాన్ చదివే రోజున మొదట ఆయనే చదవాలని విడిగా అడిగాను. ఒప్పుకున్నారు. గొంతు సవరించుకుని ఆర్డరు చదివినట్టు చదువుకుంటూ వచ్చారు. నాలుగో మెట్టు దగ్గర ఆగారు. అక్కడ పేర్లు రాసే మూడు గీతలూ ఖాళీ. ‘‘ఎవరూ లేరు’’ అన్నారు. ఆ తర్వాత గదిలో ఎవరూ ఆయన్ని సాబ్ అనడం మానలేదు గానీ, ఆయన ముందు అబద్ధమాడటం మానేశారు.

గ్రూపులో ఒక నియమం మొదటి రోజే పెట్టాం. ఎందుకనిపించింది, ఎప్పుడనిపించింది, ఏం ఆపింది, ఇవన్నీ చెప్పవచ్చు. ఎలా చేయబోయావన్నది గదిలోకి రాకూడదు, నాకో డాక్టరుకో విడిగా చెప్పాలి. చావు గురించి అడిగితే ఆలోచన పుడుతుందన్న భయం అబద్ధం. అడిగితే మనిషి తేలికపడతాడు. పద్ధతి వివరాలు మాత్రం ఒకరి నుంచి ఇంకొకరికి పాకగలవు. ఈ రెంటికీ తేడా చెప్పకుండా ‘ఆ విషయమే ఎత్తొద్దు’ అనే పెద్దలు మాకు చాలామందే ఎదురయ్యారు.

ఆ విషయం గ్రూపులోకి నిజంగా వచ్చింది నవంబరులో. పెన్షనర్లకు లైఫ్ సర్టిఫికెట్ల కాలం. డ్రైవరుగా చేసిన ఒకాయన ఆలస్యంగా వచ్చి, ‘‘బతికున్నానని వేలిముద్ర వేసొచ్చానండి. మిషను రెండుసార్లు ఒప్పుకోలేదు. దానిక్కూడా డౌటే’’ అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు, మా హవల్దార్ కూడా. నవ్వు తగ్గాక క్లర్కు మెల్లిగా అన్నాడు: ‘‘నాకూ చాలా రోజులు డౌటేనండి.’’ ఆ రోజు నేను పెద్దగా మాట్లాడాల్సిన పని పడలేదు.

తుపాకీ

హవల్దార్ కేసులో అన్నింటికన్నా కష్టమైన నిర్ణయం తుపాకీ గురించి. తెగింపు పతాకస్థాయిలో ఉండే సమయం సాధారణంగా చాలా తక్కువ. ఆ కాసేపు చేతికి ప్రాణాంతకమైనది అందకపోతే చాలామంది బతుకుతారు, బతికినవాళ్లలో ఎక్కువమంది తర్వాత ఆ దారిన చనిపోరు. శ్రీలంకలో అత్యంత విషపూరితమైన పురుగుమందుల్ని దశలవారీగా నిషేధించాక ఆత్మహత్యలు బాగా తగ్గడం దీనికి పెద్ద రుజువు. కాబట్టి తుపాకీ పోవాలి. కానీ ఈయన జీతం తుపాకీ మీదే. గన్‌మన్‌కూ మామూలు వాచ్‌మన్‌కూ జీతంలో తేడా చాలా ఉంటుంది. తుపాకీ తీసేస్తే అప్పుల టెన్షన్ పెరుగుతుంది, ఉంచితే రాత్రి రెండింటికి ఒంటరిగా దానితోనే ఉంటాడు. రెండో ప్రమాదమే పెద్దదనుకున్నాను. అప్పు రేపు కూడా తీర్చుకోవచ్చు.

భార్య అడిగితే కోప్పడ్డాడు, నేనడిగితే ‘‘చూద్దాం సార్’’ అన్నాడు. దారి చూపించింది సుబేదార్ గారు. ‘‘ఎలక్షన్లప్పుడు లైసెన్సు తుపాకులన్నీ డిపాజిట్ చేస్తాం కదా. ఇదీ అలాంటిదే అనుకో. నీ మీద అనుమానం కాదు, రూలు’’ అన్నారు. ఆ మాటతో పరువు సమస్య తీరిపోయింది. డ్రైవరు వెంట వెళ్లగా డిపాజిట్ చేసి రసీదు తెచ్చాడు. చెరువు మందులు, పురుగుమందులు బావమరిది ఇంటికి చేరి తాళంలోకి వెళ్లాయి. తుపాకీ అక్కర్లేని పగటి డ్యూటీ సూపర్‌వైజర్ ఉద్యోగం గ్రూపులోనే ఒకరు చూసిపెట్టారు. జీతం తక్కువే. రాత్రి నిద్ర వచ్చింది.

మిస్డ్ కాల్

ఆర్మీలో బడ్డీ పద్ధతి ఉంది కాబట్టి ఇద్దరిద్దర్ని జత చేశాం. మొదట్లో నియమం, కష్టంగా ఉంటే బడ్డీకి ఫోన్ చేయాలని. ఎవరూ చేయలేదు. వారం వారం అడిగితే ‘‘అవసరం రాలేదు సార్’’ అనేవారు. వాట్సాప్ గ్రూపు పెడితే గుడ్ మార్నింగులతో, దేవుడి బొమ్మలతో నిండిపోయింది. ప్లాన్ కాగితాలు జేబుల్లో భద్రంగా మడతపెట్టి ఉన్నాయి, నాలుగో మెట్టు మాత్రం ఎవరూ తొక్కడం లేదు.

అమెరికా వెటరన్స్ ఆసుపత్రుల ఎమర్జెన్సీ విభాగాల్లో సేఫ్టీ ప్లాన్ మీద 2018లో వచ్చిన అధ్యయనాన్ని మళ్లీ చదివాను. ఆరు నెలల్లో ఆత్మహత్యా ప్రవర్తన దాదాపు 45 శాతం తక్కువగా కనబడిందన్న అంకెనే అందరూ చెప్పుకుంటారు. అక్కడ కాగితమొక్కటే ఇవ్వలేదు. ఇంటికి పంపాక సిబ్బందే పదేపదే ఫోన్ చేసి కనుక్కున్నారు. 1970ల్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జెరోమ్ మోటో అనే సైకియాట్రిస్టు చేసిందీ అలాంటిదే. ఆసుపత్రి నుంచి వెళ్లి తర్వాతి చికిత్సకు రాని మనుషులకు, ఏమీ అడగని చిన్న ఉత్తరాలు కొన్నేళ్లపాటు పంపారు. ఉత్తరాలు అందినవాళ్లలో మొదటి రెండేళ్లు ఆత్మహత్యలు తక్కువగా ఉన్నాయి. రెండింట్లోనూ మొదటి అడుగు రోగిది కాదు.

ఇదే మాట గ్రూపులో పెట్టాను. సెంట్రీ పోస్టు నుంచి టైముకు రిపోర్ట్ రాకపోతే ఏం చేస్తారని అడిగాను. ‘‘వెళ్లి చూస్తాం’’ అన్నారు ముక్తకంఠంతో. పోస్టులో ఉన్నవాడు సాయం అడిగేదాకా ఆగరు కదా? ఆగరు. నియమం తిప్పేశాం. రోజూ రాత్రి తొమ్మిదింటికి బడ్డీకి ఒక మిస్డ్ కాల్. మాట్లాడక్కర్లేదు, ఖర్చు లేదు, బాగున్నానని చెప్పక్కర్లేదు. తొమ్మిదిన్నరకల్లా రాకపోతే బడ్డీ ఫోన్ చేస్తాడు. ఎత్తకపోతే భార్యకు. అక్కడా తేలకపోతే మనిషి కదులుతాడు, నాకు చెబుతాడు. ఇంత జరుగుతుందని ముందే అందరి దగ్గరా, ఇళ్లలోవాళ్ల దగ్గరా రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకున్నాం, గోప్యత హక్కు చట్టంలో ఉంది కాబట్టి. బడ్డీ డాక్టరు కాదని కూడా రాశాం. ఫోన్ చేయడం, కబురు చెప్పడం, ఈ రెండే అతని డ్యూటీ. మిగతాదానికి కాగితం కింద ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416, అంబులెన్స్ 108 ఉన్నాయి.

హవల్దార్ ఈ పద్ధతిని అందరికన్నా శ్రద్ధగా పట్టుకున్నాడు. ఎవరి కాల్ ఆలస్యమైనా ఆయనే ముందు కదిలేవాడు. డిప్రెషన్ తీవ్రత చూపే పీహెచ్‌క్యూ మార్కులు కూడా ఒక్కసారిగా పడిపోయాయి. అందరూ సంతోషించారు. నాకు అంత ధైర్యం రాలేదు. అప్పు అలాగే ఉంది, నొప్పి అలాగే ఉంది, మార్కులే మారాయి. అందరి బాగోగులు చూసేవాణ్ని ‘నువ్వెలా ఉన్నావ్’ అని ఎవరూ అడగరు. ఆయనకు కావాల్సిందీ అదేనేమో అనిపించి, విడి సెషన్లు ఆపకుండా కొనసాగించాను.

సంక్రాంతి వెళ్లిన వారంలో ఒక రాత్రి ఆయన మిస్డ్ కాల్ రాలేదు. పండక్కి బంధువులంతా వచ్చారు, పందేల దగ్గర పాత అప్పులవాళ్లు కనబడ్డారు, అందరూ వెళ్లిపోయాక ఇల్లు ఖాళీ అయింది. ఆయన బడ్డీ అయిన డ్రైవరు తొమ్మిదిన్నరకు ఫోన్ చేశాడు, ఎత్తలేదు. భార్యకు చేశాడు. ఆయన పొలం వైపు వెళ్లాడని చెప్పింది. డ్రైవరు, బావమరిది బండేసుకుని వెళ్లేసరికి కాలవగట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఫోన్ ఇంట్లో వదిలి వచ్చాడు. ‘‘రిపోర్ట్ రాలేదు, అందుకని వచ్చాను’’ అన్నాడట డ్రైవరు. అంతకుమించి ఏమీ అడగలేదట. ఆ రాత్రే సైకియాట్రిస్టు చూశారు, కొద్దిరోజులు అడ్మిట్ చేశారు.

డైరీ

తిరిగొచ్చాక జరిగింది గ్రూపుకు చెప్పాలా వద్దా అన్నది ఆయన ఇష్టానికి వదిలాను. చెప్తానన్నాడు. జేబులోంచి చిన్న పాకెట్ డైరీ తీశాడు. ఒక పేజీలో ఎడమవైపు అప్పులు, వడ్డీలతో సహా, ఇచ్చినవాళ్ల పేర్ల మొదటి అక్షరాలతో. కుడివైపు తను లేకపోతే భార్యకొచ్చే ఫ్యామిలీ పెన్షన్, ఇన్సూరెన్స్, తన తిండి, మందుల ఖర్చు మిగులు. కింద రెండు గీతలు గీసి కూడిన మొత్తం. క్వార్టర్ మాస్టర్ స్టోర్స్ లెక్కంత నీటుగా ఉంది. తను ఇంటికి భారమన్న ఆలోచన ఆత్మహత్య ప్రమాదాన్ని పెంచే వాటిలో ముఖ్యమైనదని పుస్తకాల్లో చదువుతాం. అది ఇంత పొందికగా, కొట్టివేతలు లేకుండా ఉంటుందని నేననుకోలేదు.

ఆ లెక్క తప్పని వాదించడానికి నా దగ్గర మాటలున్నాయి. ఆపుకున్నాను. సైకాలజిస్టు చెబితే అది ఓదార్పు కింద పోతుంది. డ్రైవరు డైరీ తీసుకుని కాసేపు చూశాడు. అతని అన్న ఆత్మహత్య చేసుకునే చనిపోయాడని నాకూ నర్సింగ్ అసిస్టెంటు గారికే తెలుసు, గ్రూపుకు తెలీదు. ‘‘మా వదినకీ డబ్బులొస్తాయండి ప్రతి నెలా. బ్యాంకు నుంచి తెచ్చిన రోజు ఆవిడ అన్నం ముట్టదు. పదేళ్లయింది. మా అన్న కొడుకు ఇప్పటికీ నన్ను అడుగుతాడు, నాన్నకి నేనేం తక్కువ చేశానని. అది ఏ గడిలో రాశారండి మీరు?’’ అన్నాడు. హవల్దార్ డైరీ వెనక్కి తీసుకోలేదు. ఇప్పుడది నర్సింగ్ అసిస్టెంటు గారి దగ్గరుంది.

అప్పుల పేజీని మాత్రం విడిగా రాయించాం. ఆలోచన తప్పయినా అప్పు నిజం. బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైన ఇంకో మాజీ సైనికుడు దాన్ని ముందేసుకుని, ప్రైవేటు వడ్డీల్ని తక్కువ వడ్డీలోకి మార్పించాడు. థెరపీ పుస్తకాల్లో ఇది ఉండదు గానీ, ఈ కేసులో దీని వాటా చిన్నదేం కాదు.

ఖర్చు ఇంకోచోట పడింది. ఆ రాత్రి తర్వాత డ్రైవరుకు నిద్ర పోయింది. ఫోన్ పక్కన పెట్టుకుని మెలకువగా ఉండేవాడు. అన్నను కాపాడలేకపోయిన మనిషికి ఇంకొకరి ప్రాణం అప్పజెప్పామన్నది మేం పట్టించుకోవాల్సిన విషయం. జతల్ని ముగ్గురేసి చేశాం, ఏ రాత్రీ ఒక్కడి మీదే బరువు పడకుండా. కాల్ రాని ప్రతి రాత్రి తర్వాతా, అది ఫోన్ చార్జింగ్ అయిపోయి రాకపోయినా సరే, బడ్డీతో మేమే మాట్లాడతాం. భార్యలకు వేరే మీటింగు మొదలైంది. అందులో మొదటి రోజు బైటపడిన సంగతి, తొమ్మిదింటికి ఫోన్ మోగిందో లేదో ప్రతి ఇంట్లోనూ ఆడవాళ్లు వంటగదిలోంచి వింటూనే ఉన్నారని. వాళ్లనూ గొలుసులో అధికారికంగా చేర్చాం.

కొత్తగా ఇలాంటి గ్రూపు పెట్టేవాళ్లు నన్ను అడిగేది ఎక్కువగా సెషన్లలో ఏం చెప్పాలని. అంతకుముందు చూసుకోవాల్సింది, రాత్రి పదింటికి బండి తీయగల మనుషులు ఎంతమంది ఉన్నారు, దగ్గర్లో అడ్మిట్ చేసుకునే సైకియాట్రిస్టు ఎవరు అన్నది. ఆ రెండూ లేకుండా మిస్డ్ కాల్ పద్ధతి మొదలుపెట్టకపోవడమే మంచిది. అలారం మోగి ఎవరూ రాకపోతే, ఎవరికీ పట్టదని ఆ మనిషికి రుజువు చేసినట్టవుతుంది.

హవల్దార్ మందులు కొనసాగిస్తున్నాడు, తాగడం బాగా తగ్గింది, పూర్తిగా మానలేదు. ఈ మధ్య ఒక కొత్త మాట తెచ్చాడు. జీతం ఎక్కువొచ్చే గన్‌మన్ ఉద్యోగం ఉందట, తుపాకీ డిపాజిట్ నుంచి తీసుకుంటానంటున్నాడు. గ్రూపు రెండుగా చీలింది. బాగుపడ్డవాణ్ని ఇంకా అనుమానిస్తే ఎలాగని సుబేదార్ గారు, అప్పుడే వద్దని డ్రైవరు. నేను డ్రైవరు వైపే ఉన్నాను. ఇంకో సంక్రాంతి గడవాలి, తాగుడు మానాలి, అప్పుడు సైకియాట్రిస్టు, భార్య కూర్చున్నాక మాట్లాడదామన్నాను. ‘‘అంటే నన్ను నమ్మరన్నమాట’’ అన్నాడు. రాత్రి రెండింటికి ఎవర్నీ నమ్మనని చెప్పాను. కోపంగానే వెళ్లాడు. వచ్చేవారం విడి సెషన్‌లో ఇదే ముందు తీసుకోవాలి.